దిద్దకుండా వదిలిన బండి ఱ

మా వదినగారు పోయిన సంగతి నాకు ముందుగా తెలిపింది పత్రిక కాదు, వాళ్ళ కారం పట్టే గిర్ని వ్యాను. పొద్దు పొడవగానే అది మా వీధి మలుపులో ఆగింది. డ్రైవరు హారన్ కొట్టలేదు. దిగి, చెప్పులు విడిచి, మా అరుగు ముందు నిలబడ్డాడు. వ్యాను పక్కభాగం మీద ఎర్రరంగుతో మనిషి ఎత్తున వ్రాసిన ఒకే ఒక్క అక్షరం అతని భుజం వెనుక నుంచి కనబడుతూ ఉంది. "పెద్దమ్మ పోయింది సారూ" అన్నాడు.

మరునాడు పత్రికలో ప్రకటన వచ్చింది. అందులో రెండు తప్పులున్నాయి. 'శ్రద్ధాంజలి' అనే మాటలో ధకారానికి వత్తు ఎగిరిపోయింది. ఇది నేను ఉద్యోగం చేసిన కాలమంతా దిద్దిన తప్పే కనుక క్షమించగలను. రెండవది క్షమించలేనిది. వాళ్ళ అబ్బాయి 'బండి ఱ కారం' అని స్పష్టంగా వ్రాసి ఇచ్చిన చోట 'బండి ర కారం' అని అచ్చయింది. అది చేతి పొరపాటు కాదు. ఎవరో చదువుకున్న మనిషి ఆ అక్షరాన్ని చూసి, ఇది పాతది, ఇది తప్పు అనుకుని, దయతో సవరించాడు. బ్రతికి ఉన్నంతకాలం ఎవరినీ సవరించనివ్వని మనిషిని పోయిన మరునాడే సవరించారు.

అందుకే ఇది వ్రాస్తున్నాను. వ్రాయమని నన్నెవరూ కోరలేదు. దీనిని అచ్చువేసే వారికి ముందుగానే ఒక మనవి: ఈ వ్యాసంలో ఎక్కడ ఱ కనబడితే అక్కడ ఱ యే ఉండాలి. అది మీ దగ్గర లేకపోతే వ్యాసాన్ని నాకు తిప్పి పంపండి.

నేటి పాఠకులలో కొందరికి ఈ అక్షరంతో పరిచయం ఉండకపోవచ్చు. ర మనకు రెండు. మామూలు రకారాన్ని పండితులు సాధురేఫం అంటారు. ఱ అనే దానిని శకటరేఫం అంటారు. శకటమంటే బండి. జనం దానిని బండి ర అన్నారు. పక్కపక్కనే రెండు గుండ్రాలు, చక్రాలలాగా. ఒకప్పుడు గుఱ్ఱం, కఱ్ఱ, వెఱ్ఱి అన్నీ బండి ఱ తోనే వ్రాసేవాళ్ళం. నేను తెలుగు పండితుడిగా చేరిన తరువాతనే అది పాఠ్యపుస్తకాల నుంచి మెల్లగా జారుకుంది. గుర్రం మిగిలింది, బండి పోయింది.

ఆ పోయిన బండిని పట్టుకుని నిలబెట్టిన మనిషి మా వదినగారు. మా అన్నయ్య భార్య. పుట్టినిల్లు మధిర వైపు. మెట్టినది చండ్రుగొండ దాటిన తరువాత, పొలాలు ఆగి అడవి మొదలయ్యే చోట ఉన్న మా ఊరు. మూడో తరగతి వరకు చదువుకున్నది. అక్షరాలన్నీ ఇసుకలో వాళ్ళ నాన్నగారే దిద్దబెట్టారట. ఆ పాతకాలపు మనిషి బండి ఱ ను కూడా వదలకుండా నేర్పించారు.

నన్ను మామూలుగా 'అబ్బాయీ' అని పిలిచేది. నేను వ్యాకరణం మాట్లాడితే మాత్రం 'పంతులుగారూ' అయ్యేవాడిని. మా ఇద్దరి మధ్య పాతికేళ్ళ పేచీ ఒకటి ఉంది. ఆ పేచీలో నేను ఈనాటికీ వెనక్కు తగ్గలేదు. ఆమె ఎలాగూ తగ్గలేదు.

డెబ్బయ్యో దశకం మొదట్లో, మా పొలంలో పండిన మిరపకాయలను బస్తాలకెత్తి ఖమ్మం పంపడం కంటే ఇక్కడే కారం పట్టి సంతల్లో అమ్మడం మేలని ఆమెకు తోచింది. అన్నయ్య మాటకారి కాడు. "మన ఇంటి ఆడవాళ్ళు సంతలో కూర్చుంటే ఏం బాగుంటది?" అని మాత్రం అన్నాడు. "బాగుండకపోతే పక్కన మీరూ కూర్చోండి" అన్నది ఆమె. ఆ వారం నుంచి ఆయన కూర్చున్నాడు. చివరిదాకా ఆమె పక్కనే కూర్చున్నాడు.

గిర్ని వచ్చింది. కారం గుడ్డసంచులలో నింపి కుట్టేవారు. సంచి మీద ఏదైనా పేరు ఉండాలని నన్ను అడిగారు. నేను వారం రోజులు ఆలోచించి 'శ్రీలక్ష్మీ రక్తమరీచ చూర్ణము' అని వ్రాసి తీసుకువెళ్ళాను. సమాసం నిర్దుష్టంగా కుదిరిందని నాకు ఎంతో తృప్తి.

వదినగారు దానిని రెండుసార్లు కూడబలుక్కుని చదివింది. "ఏంది అబ్బాయీ, కారం సంచి మీద రక్తం అని రాస్తివి? కొనేదెవరు, పులులా?"

అని, అక్కడే ఉన్న సుద్దముక్కతో గిర్ని తలుపు మీద తానే వ్రాసింది. 'కాఱం'.

నేను ఊరుకునే మనిషిని కాను. కారమనే మాట సంస్కృతంలోని క్షారశబ్దం నుంచి వచ్చిందని, సంస్కృతంలో శకటరేఫం లేనే లేదని, కాబట్టి అక్కడ సాధురేఫమే ఉండాలని, ఇది ఐదో తరగతి పిల్లవాడు కూడా చేయరాని తప్పని వివరించాను. ఆమె ఓపికగా విన్నది. నా మాటల్లో ఒక్క మాటనే పట్టుకున్నది.

"సాధురేఫం అంటివి. అంటే సాధువా?"

"సాధువే. మెత్తనిది."

"మరి మెత్తని ర తో కారం ఎట్ల రాస్తరు పంతులుగారూ? సాధువైన కారం ఎవరికి కావాలె?"

ఆ ప్రశ్నకు వ్యాకరణంలో సమాధానం లేదు. సమాధానం లేకపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. కాఱం తప్పే. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. కాని ఆ తలుపు మీద ఆ మాట చూసినప్పుడు నాలుక చివర చురుక్కుమన్న సంగతిని కూడా నేను దాచను.

రేకులో కా, ఱ, సున్నా అనే ఆ మూడు గుర్తులను కత్తిరించి అచ్చు చేశారు. సంచి మీద పెట్టి ఎర్రరంగు రుద్దితే మాట పడుతుంది. ఒకే రంగు. పచ్చరంగుతో చుట్టూ గీత కూడా గీద్దామని ఎవరో అంటే ఆమె వద్దన్నది. రెండు రంగులు పెట్టుకుంటే ఒక రంగు అయిపోయిన రోజున గుర్తు మారిపోతుందని ఆమె వాదం. ఈ ప్రాంతంలో వానకాలం వస్తే వాగులు పొంగి, కొత్తగూడెం నుంచి రంగు డబ్బా రావడానికి ఎంత కాలం పడుతుందో తెలిసిన మనిషి మాట అది.

ఇక సంత సంగతి. అడవిలోని కోయగూడేల నుంచి చింతపండు, జిగురు, చీపుళ్ళు తెచ్చేవారు మా సంతకు వస్తారు. చింతపండు తెచ్చే ఆమె ఒకరు ప్రతి సంతకూ వచ్చి మా వదినగారి దగ్గరే కారం కొనేది. వయసులో ఇద్దరూ ఇంచుమించు సమానం. ఆమెకు తెలుగు మాట్లాడడం కొంచెం వచ్చు, చదవడం రాదు. ఒకనాడు వదినగారి దుకాణం సంతలో వేరే మూలకు మారింది. ఆ చోట మరెవరో కారం పెట్టుకుని కూర్చున్నారు. చింతపండామె ఆ సంచి తిప్పి చూసి, పెదవి విరిచి, సంతంతా తిరిగి మమ్మల్ని వెదుక్కుంటూ వచ్చింది. నేను ఆ రోజు సెలవు మీద అక్కడే ఉన్నాను.

"ఆడ బండి లేదు" అన్నది.

ఏ బండి అని వదినగారు అడిగింది. ఆమె కూర్చుని దుమ్ములో వేలితో రెండు గుండ్రాలు గీసింది. తరువాత మా సంచి మీది నడిమి అక్షరాన్ని వేలితో తాకింది. కా ఆమెకు అక్కరలేదు. సున్నా అక్కరలేదు. నడుమనున్న బండి ఉంటే అది మా కారం. లేకపోతే కాదు.

వదినగారు ఆ దుమ్ములోని గుండ్రాల మీద తానూ ఒకసారి వేలు పెట్టి గీసి చూసింది. ఇంటికి రాగానే రేకు తీసుకుని రెండు వైపులా కత్తిరించి పారేసింది. నడుమ ఱ ఒక్కటే మిగిలింది. ఆ తరువాత సంచి మీద అరచేయంత పెద్దదిగా అదొక్కటే పడేది. పేరు లేదు, ఊరు లేదు, లక్ష్మీదేవి లేదు. జనమే దానికి బండి కారమని పేరు పెట్టారు.

"వేలితో నేలమీద గీయరాని గుర్తు గుర్తు కాదు అబ్బాయీ" అన్నది నాతో. ఇంకొక సందర్భంలో, సంతలో నడిచే మనిషి ఆగి చదవడని, నెత్తిన మూట, చంకన బిడ్డ ఉన్న మనిషికి నడుస్తూ ఉండగానే కంట్లో పడాలని చెప్పింది. గుర్తు అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. చిహ్నమూ గుర్తే, జ్ఞాపకమూ గుర్తే. ఇతర భాషల సంగతి నేను చెప్పలేను. మన భాష మాత్రం ఈ రెండింటినీ విడదీయలేదు. గుర్తుండనిదానికి గుర్తు అనే పేరుకు అర్హత లేదని తెలుగు తనంతట తానే చెబుతోంది. వదినగారు ఆ రెండర్థాలనూ ఒకటిగానే వాడేది. నేను వాటిని వేరుచేసి చూపబోతే "రెండెట్లైతయి?" అనేది.

ఆమెకు కొన్ని అలవాట్లుండేవి. గిర్ని నుంచి దిగిన ప్రతి వాయి నుంచి చిటికెడు కారం నాలుక మీద వేసుకునేది. కళ్ళు మూసుకోదు, నీళ్ళు తాగదు. ఎదుటి మనిషిని సూటిగా చూస్తూ నిలబడేది. కళ్ళలో నీరు తిరిగితే "ఊఁ, కారమే" అనేది. తిరగకపోతే ఆ వాయి సంచికెక్కేది కాదు. సంతలో సంచి విప్పినప్పుడు కొనేవాళ్ళ ఎదుట కూడా ఇదే తంతు. మిల్లులో ముక్కుకు గుడ్డ కట్టుకునేది కాదు. తుమ్మేవాళ్ళను చూసి నవ్వేది.

ఖమ్మం వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చుంటే మరో అలవాటు బయటపడేది. దారి పొడవునా గోడల మీద వ్రాసిన ప్రకటనలు చూస్తూ, ఊరు దాటిన తరువాత, "ఏమేం గుర్తున్నయి చెప్పు" అని అడిగేది. ఎరువులు, పళ్ళపొడి, బీడీలు, సిమెంటు ఎన్నో దాటి ఉంటాము. నాకు గుర్తుండేవి ఒకటో రెండో. ఆమె తనకు గుర్తున్నవి చెప్పేది. ఒక ప్రయాణంలో నేను చెప్పినవన్నీ విని పకపకా నవ్వింది. ఎందుకని అడిగితే, నేను చెప్పినవన్నీ అక్షరదోషాలున్న గోడలేనట.

"చూసినవా, తప్పుంటేనే మీ పంతుళ్ళకు గుర్తుంటది. మా కారాన్ని నువ్వు చచ్చేదాక మరిచిపోవు."

నిజమే, మరచిపోలేదు. ఆమే ముందు వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళకు ఆ రేకు అరిగిపోయింది. అన్నయ్య పాల్వంచలో క్రొత్తది చేయించి తెచ్చాడు. పనివాడు నేర్పరి, అక్షరాన్ని సన్నగా, నాజూకుగా, తీరుగా కోశాడు. నాకు నచ్చింది. ఆ సంచులు వెళ్ళిన మొదటి సంతలోనే, కారం మార్చిన్రా అని ఒకరి తరువాత ఒకరు అడిగారు. కారం అదే, కాయ అదే. గుర్తు కాస్త సన్నబడితే నాలుకకు రుచి కూడా మారినట్లు తోచింది. వదినగారు ఆ క్రొత్త రేకును చేట అంచుకు అతుకు వేయించి, పాతదాని మీద పెట్టి గీసిన మరొక రేకును తెప్పించింది. అరిగిన అంచులతో, కొద్దిగా వంకరగా, ఎలా ఉన్నదో అలాగే.

ఇంతలో దొంగ కారం వచ్చింది. ఎక్కడిదో చెప్పను, ఎవరిదో కూడా చెప్పను. వాళ్ళ సంచి మీద నిజంగానే ఎద్దుల బండి బొమ్మ వేశారు. కొమ్ములు, గంటలు, బండి మీద తలపాగా మనిషి, అన్నీ ఉన్నాయి. బొమ్మగా చూస్తే మా అక్షరం కంటే ఎంతో అందమైనది. మా అన్నయ్య కంగారుపడ్డాడు. వదినగారు మాత్రం ఒక సంచి తెప్పించి, చూసి, పక్కన పెట్టింది. చింతపండామె ఆ సంతలో ఏమన్నదో తరువాత ఊరంతా చెప్పుకున్నారు. దుకాణాల వాళ్ళు బండి కారమిదేనని చూపితే, "ఎడ్లు లేని బండి కావాలె" అన్నదట. ఆ మాట అందరికీ అంటుకుంది. కొంతకాలం మా కారానికి ఎడ్లు లేని బండి అనే పేరు నడిచింది. ఎద్దుల బండి ఆ ఏడాదితోనే ఆగిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా బంధువులు ఆమెను మొండిమనిషి అనడానికి, వచ్చిన అవకాశాన్ని కాలదన్నిందని నేటికీ చెప్పుకోవడానికి కారణమైన సంగతి.

తొంభయ్యో దశకం మొదట్లో హైదరాబాదు నుంచి ఒక పంపిణీ సంస్థ ప్రతినిధి వచ్చాడు. మర్యాదస్థుడు. కారం నాణ్యమైనదని, ప్లాస్టిక్ ప్యాకెట్లలో అన్ని జిల్లాల పట్నాలకూ పంపుతామని చెప్పాడు. ఒకే షరతు: గుర్తు మార్చాలి. అతడు దానిని లోగో అన్నాడు. క్రొత్త లోగోను వేయించి తెచ్చాడు కూడా. దళసరి కాగితం మీద నాలుగు రంగుల్లో, పట్టుచీర కట్టిన ఒక గృహిణి, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో మిరపకాయలు, వెనుక ఉదయించే సూర్యుడు, చుట్టూ మంటలు, పైన ఇంగ్లీషు అక్షరాలు వంపుగా. వాళ్ళ అబ్బాయికి అది బాగా నచ్చింది. గిర్నిని తండ్రీ తల్లీ నడిపినట్లు కాకుండా పెద్దగా నడపాలని అతని కోరిక. కోరిక తప్పు కాదు. ఆ ఒప్పందం మీద అతడు ఎంతో ఆశ పెట్టుకున్నాడు.

వదినగారు నాకోసం వ్యాను పంపింది. ఆ అక్షరం సంగతి తేల్చవలసింది పంతులుగారేనని కబురు. నేను గేటు దగ్గర దిగుతూ ఉండగానే అబ్బాయి ఎదురువచ్చాడు.

"బాబాయ్, మీరు ఎప్పుడూ చెప్పే మాటే చెప్పండి. చాలు."

నేను ఎప్పుడూ చెప్పే మాట ఏమిటో ఊరికంతా తెలుసు.

లోపల వదినగారు ఆడవాళ్ళతో కలిసి మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుని ఉంది. అన్నయ్య పక్కనే ఉన్నాడు. ప్రతినిధి లేచి నాకు నమస్కరించి, సూటిగా అడిగాడు.

"సార్, మీరు తెలుగు పండితులు. కారం అనే మాటలో ఈ అక్షరం ఉంటుందా?"

"ఉండదు" అన్నాను.

అబ్బాయి ముఖం విప్పారింది. ప్రతినిధి, పట్నంలో చదువుకున్నవాళ్ళు దీనిని చూసి నవ్వుతారని, ఈ అక్షరం పుస్తకాల్లోనే లేదని ఇంకా ఏదో చెబుతున్నాడు. వదినగారు నా వైపు ఒకసారి చూసింది. కోపం లేదు, బతిమాలుకోవడం అసలే లేదు. మళ్ళీ తల వంచుకుని తొడిమలు తీయసాగింది.

నేను ఒక సంచి తీసుకుని ప్రతినిధి చేతికిచ్చాను. దీని మీద కారమని ఎక్కడ వ్రాసి ఉందో చూపమన్నాను. అతడు ఇటూ అటూ తిప్పి చూశాడు.

"లేదు సార్. ఈ ఒక్క అక్షరమే ఉంది."

"ఒంటరి అక్షరానికి వర్ణక్రమదోషం ఉండదు. పక్కన ఇంకొకటి ఉంటేనే తప్పో ఒప్పో తేలేది. ఇది మా వర్ణమాలలోని అక్షరం. పుస్తకంలో నుంచి తీసేశారు, సరే. వర్ణమాలలో నుంచి తీసే హక్కు ఎవరికుందో చెప్పండి, వారితో మాట్లాడతాను."

నేను అన్నది వదినగారి మీది ప్రేమతో అన్న మాట కాదు. అది వ్యాకరణం. కాఱం అని వ్రాసి ఉంటే ఆమెకు వ్యతిరేకంగానే చెప్పేవాడిని. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే నన్ను పిలిపించింది.

"ఇన్నేళ్ళకు పనికొచ్చిండు మా పంతులు" అన్నది అన్నయ్యతో.

తరువాత లేచి, ఆ రంగుల కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది. నేలమీద పలుచగా కారం పరుచుకుని ఉన్న చోటు చూపి, అతడు తెచ్చిన బొమ్మను చూడకుండా వేలితో గీయమన్నది. అతడు నవ్వాడు. అది గీసేది కాదమ్మా, ప్రింటు చేసేది అన్నాడు. సరే, మాది గీయండి అన్నది. అతడు మర్యాదకు వంగి కూర్చుని, నేలమీద వేలు పెట్టి గీశాడు. తప్పుగా గీశాడు. ఒక గుండ్రం పెద్దది, ఒకటి చిన్నది, తోక అటుది ఇటు. నా చేయి దానంతట అదే ముందుకు వెళ్ళింది, దిద్దడానికి. వదినగారు నా చేతిని పక్కకు నెట్టి, తొడిమలు తీసే ఆడవాళ్ళను కేకేసింది.

"ఇదేందే?"

"బండి" అన్నారు వాళ్ళు, తలెత్తి చూసీ చూడకముందే.

"చూసిన్రా సారూ. మీరు తప్పు రాసినా బండే అయింది."

ప్రతినిధి వేలు తుడుచుకుంటూ తుమ్మాడు. కాగితం చుట్టుకుంటూ, "పట్నంలో ఇది నడవదమ్మా" అన్నాడు. బెదిరింపుగా కాదు, నిజంగా విచారంతోనే.

"నడవకుంటే ఏంది. బండి కదా, దొర్లుతది" అన్నది వదినగారు.

అతడు వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. అబ్బాయి చాలాకాలం తల్లితో ముక్తసరిగా మాట్లాడేవాడు. నాతో అసలు మాట్లాడలేదు. బండి కారం పట్నాల అరలలోకి ఎక్కలేదు. మన సంతలలో, బస్టాండు దుకాణాలలో, భద్రాచలం దారి పొడవునా ఉన్న హోటళ్ళ వంటిళ్ళలో నిలబడింది. ఇది ఓటమి అని ఎవరైనా అంటే వారితో వాదించను. పెద్దది కావడం కోసం తాను వేరే మనిషిగా మారవలసి వస్తే చిన్నదిగానే ఉంటానని ఆమె నిర్ణయించుకున్నది. నిర్ణయించుకుని నవ్వుతూ బ్రతికింది. గెలుపు ఓటముల లెక్క ఆమె నన్నెప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే ఆమె పక్షానే చెప్పేవాడిని, వ్యాకరణంతో పని లేకుండా.

పెద్దకర్మ నాడు ఆ పాత మాటే మళ్ళీ లేచింది. భోజనాల దగ్గర బంధువులొకరు అబ్బాయి భుజం మీద చేయి వేసి, ఆమె ఉన్నన్నాళ్ళూ సరేలే, ఇప్పుడైనా కాలానికి తగ్గట్టు ఆ గుర్తు మార్చుకోమని హితవు చెప్పారు. ఇంకొకరు తలూపారు. అబ్బాయి వడ్డన చూసుకుంటూ పక్క విస్తరికి జరిగాడు. అతడు కాదనలేదు కనుక ఆ గుర్తుకు ఇక రోజులు దగ్గరపడ్డాయనుకున్నాను. అరుగు మీద కూర్చున్న అన్నయ్య కూడా విన్నాడు. ఆయన పక్కచోటు ఖాళీగా ఉంది.

అందరూ వెళ్ళిన తరువాత అబ్బాయి నన్ను పొలానికి తీసుకువెళ్ళాడు. వదినగారిని దహనం చేసిన చోట, కల్లం పక్కన, చిన్న గద్దె కట్టించాడు. దాని మీద నిలపవలసిన నల్లరాయి ఇంకా చెక్కడానికి వెళ్ళలేదు. రాతి మీద ఉండవలసినవి తెల్లకాగితం మీద వ్రాసి నా చేతికిచ్చాడు.

"తప్పులుంటే దిద్దండి బాబాయ్."

కళ్ళజోడు పెట్టుకుని చదివాను. పేరులో దీర్ఘం ఒకటి పోయింది, చేర్చాను. శ్రద్ధాంజలిలో మళ్ళీ అదే వత్తు, పెట్టాను. అన్నిటికీ కింద, కాగితంలో సగం ఆక్రమించి, పాత రేకును పెట్టి గీసినట్లున్న ఱ. అరిగిన అంచులతో సహా, ఆ కొద్దిపాటి వంకరతో సహా. దాని దగ్గర నా కలం ఆగింది. అబ్బాయి నా ముఖం వైపే చూస్తున్నాడు.

కాగితం మడిచి ఇచ్చేశాను.

"పేపరోళ్ళు దిద్దిన్రు" అన్నాడు అతడు, కాగితం జేబులో పెట్టుకుంటూ. "రాయినెవరు దిద్దుతరో చూస్తా. సంచి మీద గూడ గిదే ఉంటది, నేనున్నంత కాలం."

అన్నప్పుడు అతని దవడ అచ్చం వాళ్ళ అమ్మ దవడలాగే బిగిసింది.

మొన్న సంతనాడు మళ్ళీ వెళ్ళాను. రాయి నిలబెట్టారు. కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. చెక్కిన అక్షరంలో రంగు ఇంకా నింపలేదు. గిర్ని వైపు నుంచి వచ్చే గాలికి కారం దుమ్ము వచ్చి ఆ గాట్లలో దానంతట అదే నిండింది.

చింతపండామె అక్కడ ఉంది. ముసలిదైపోయింది, నడుము వంగింది. నెత్తి మీది బుట్ట దించి, అందులో నుంచి చింతపండు ముద్ద ఒకటి తీసి గద్దె మీద పెట్టింది. పైన చెక్కిన పేరు వైపు చూడలేదు. వంగి, చూపుడువేలు ఆ గుండ్రాల మీద పెట్టి నెమ్మదిగా త్రిప్పసాగింది. ముందు తోక, తరువాత కుడి చక్రం, చివరికి ఎడమ చక్రం. ఆ అక్షరాన్ని వ్రాయవలసిన వరుసకు పూర్తిగా వ్యతిరేకంగా. ఎందరి చేతులో పట్టుకుని ఆ వరుస దిద్దించినవాడిని, చేతులు వెనుకకు కట్టుకుని నిలబడ్డాను.

ఆమె వేలు ఎర్రబడింది. దానిని కొంగుకు తుడుచుకోలేదు. నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూయకుండా, కాసేపు నా వైపే చూసింది. కళ్ళలో నీరు తిరిగింది.

"ఊఁ, కారమే" అన్నది. బుట్ట ఎత్తుకుని సంతకు వెళ్ళిపోయింది.